తడిగోనె వాసన

మా అక్క పురుగుల ఇంట్లోకి వెళ్లడం కంటే విమానం ఎక్కడం సులువు. విమానం దగ్గర బెల్టు విప్పమంటారు, చెప్పులు విప్పమంటారు, అంతటితో వదిలేస్తారు. మా అక్క వాసన విప్పి రమ్మంటుంది.

వేసవి చివర పట్టుపురుగుల పెద్ద మేతకు నేను సెలవు పెట్టి అక్క ఇంటికి వెళ్లడం చాలా ఏళ్లుగా ఉన్న అలవాటు. హోసూరులో నేను పనిచేసే వర్క్‌షాపు నుంచి షేర్ ఆటోలో అరగంట. పురుగు నాలుగుసార్లు జ్వరం పడుతుంది. జ్వరమంటే కంగారు పడకండి, మేత మానేసి, తల ఎత్తి, పాత చర్మం వదిలే రోజును మా వైపు అట్లా అంటారు. నాలుగో జ్వరం నుంచి లేచిన పురుగుకు వారం రోజులు కడుపు తప్ప ఇంకే అవయవమూ ఉండదు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మల్బరీ ఆకు కోసి, మోసి, పరచాలి. మోస్తూ మోస్తూ కాస్త ఆగితే మనల్ని కూడా ఆకు అనుకుంటుంది. ఒకసారి పురుగుల తట్ట మీదికి వంగినప్పుడు నా చొక్కా గుండీ పోయింది. అది దారం తెగి పడిపోయిందని అక్క అంటుంది. గుండీ ఇంతవరకూ దొరకలేదు.

నలభై తట్టల పురుగులు ఒకేసారి మేస్తుంటే రేకుల మీద వాన పడుతున్నట్టు ఉంటుంది. ఆ చప్పుడు విని నేను గొడుగు తీసుకుని బయటికి వచ్చిన రోజులు ఉన్నాయి. అక్క కళ్లతో కాదు, చెవులతో పురుగు పెంచే మనిషి. వంటింట్లో సంగటి కెలుకుతూ, "మూడో వరస మేత అయిపోయింది, ఆకు వెయ్యప్పా" అనేది. వెళ్లి చూస్తే మూడో వరసలో ఈనెలు మాత్రమే మిగిలి ఉండేవి.

ఇక వాసన సంగతి. పట్టుపురుగుకు వాసన పడదని మా వాళ్ల నమ్మకం. పెద్ద మేత వారంలో ఆ ఇంట్లో తాళింపు ఉండదు, ఉల్లిపాయ తరగరు, దోమలబత్తి వెలిగించరు. ఊదుబత్తి లేకుండా దేవుళ్లు సైతం వారం రోజులు ఓర్చుకుంటారు. పక్కింటి ఆవిడ వడియాలు వేయించాలంటే ముందు వచ్చి గాలి ఎటు వీస్తున్నదో అక్కను అడిగి వెళ్తుంది. ఆ సంవత్సరం నేను ఆటో దిగి ఇంకా వాకిట్లోకి రాకముందే, అక్క పది అడుగుల దూరంలో నన్ను నిలబెట్టింది.

"గంధం సోపు పూసుకొని వచ్చినావు" అంది.

నేను ఆ సోపుతో స్నానం చేసింది ముందు రోజు పొద్దున. మధ్యలో వర్క్‌షాపులో ఒక షిఫ్టు ఆయిలు, ఒక షేర్ ఆటో నిండా చెమట నా మీద పొరలు పొరలుగా కట్టాయి. వాటన్నిటి కిందా దాక్కున్న గంధాన్ని ఆమె పట్టుకుంది. పోలీసు కుక్కలకు పాఠాలు చెప్పే ఉద్యోగం మా అక్కకు ఎవరూ ఇవ్వకపోవడం దేశానికే నష్టం. వాకిట్లో తొట్టి చూపించి, సోపు లేకుండా ఉత్త నీళ్లతో తల నుంచి కాళ్ల దాకా కడుక్కోమంది. కడుక్కున్నాను. తొట్టిలో నీళ్లు ఇంటి వెనక కాలువవి.

ఆ సంవత్సరం ఆమె మామూలు కంటే కటువుగా ఉండడానికి కారణం ఉంది. అంతకు ముందు రెండు పంటలు పోయాయి. పురుగు బాగా పెరిగి, గూడు కట్టే సమయానికి ముడుచుకుపోయింది. మా బావ పొద్దున్నే కంపెనీ బస్సు ఎక్కి వెళ్లి చీకటి పడ్డాక వచ్చే మనిషి. గట్టిగా మాట్లాడడు. కానీ రెండో పంట గుంతలో వేసిన రోజు ఒక మాట అన్నాడట. మూడోది కూడా ఇట్లే పోతే తోట పీకించేద్దాం, జేసీబీ పెడితే ఒక పూట పని, నేల చదును చేసి గులాబీ తోటల వాళ్లకు ఇచ్చేద్దాం అని. అక్క సరేనంది. అది కోపంతో అన్న సరే కాదు, ఒప్పందంగా అన్న సరే.

ఆ తోట ఆమెది. పెళ్లయి వచ్చేటప్పుడు రాయకోట దగ్గర మా ఇంటి తోట నుంచి మల్బరీ కొమ్మలు కోసి, మొదళ్లకు తడిగోనె చుట్టి, కట్ట నా నెత్తిన పెట్టారు. నాకప్పుడు పద్నాలుగేళ్లు. పెళ్లికూతురు బస్సులో సీటు మీద కూర్చుంటే, నేను కొమ్మల అడవిలో నిలబడి, నా ముక్కుకు ఏ కొమ్మ తగులుతున్నదో చూసుకుంటూ వచ్చాను. దారిలో గోనె ఆరిపోతే కొమ్మ చస్తుందని అమ్మ హెచ్చరించింది. అందుకని బస్సు దిగాక ఊరు చేరే ముందు, ఏట్లోకి దిగి ఇసుకలో చెలమ తవ్వి, ఊరిన నీళ్లతో గోనె తడిపాను. ఆ చెలమ నీళ్లే దోసిళ్లతో తాగాను. అంత తియ్యటి నీళ్లు నేను మళ్లీ తాగలేదు. చెరుకు పానకంలా ఉన్నాయని ఇంటికి వెళ్లి చెప్పాను. పానకం కాదులే, నీళ్లలా ఉన్నాయి. నీళ్లు నీళ్లలా ఉండడం పెద్ద విషయమని అప్పుడు తెలియదు.

ఆ ఏటికి తమిళంలో ఒక పేరు, కన్నడంలో ఇంకొకటి. మా ఇళ్లలో ఉత్త ఏరు. నంది కొండల్లో పుట్టి, ఎగువన మహానగరం అంచులన్నీ నాకి, హోసూరు పైన డ్యాంలో ఆగుతుంది. డ్యాం నుంచి కాలువలు. కాలువల కింద రాగి, టమోటా, క్యాబేజీ, గులాబీ, మల్బరీ, కొత్తిమీర. పొద్దున పొద్దున్నే ఆ కొత్తిమీర లారీలెక్కి మళ్లీ అదే మహానగరానికి వెళ్తుంది. అంటే వాళ్లు స్నానం చేసి వదిలిన నీళ్లు మా మడుల గుండా తిరిగి వాళ్ల సాంబారులోకే చేరుతున్నాయి. ఎవరి వస్తువు వాళ్లకు ఇంత నిజాయితీగా అప్పగించే రైతులు భూమ్మీద ఇంకెక్కడా లేరు.

డ్యాం దాటిన ఏరు ఇంకా కిందికి పోయి కృష్ణగిరి డ్యాంలో నిలుస్తుంది. ఆదివారాలు అక్కడ గట్టు కింద మసాలా పూసి వేయించిన చేపలు అమ్ముతారు. మేమూ పిల్లలతో వెళ్లేవాళ్లం. పోయినసారి వెళ్లినప్పుడు డ్యాం నీళ్లు పచ్చటి పెయింటు డబ్బా మూత తీసినట్టున్నాయి. చేప ఈ నీళ్లదేనా అని అడిగాను. వేయించే మనిషికి కోపం వచ్చింది. మంచి చేప తెస్తాం, బయటి నుంచి లారీలో వస్తుందని గర్వంగా చెప్పాడు. ఏటి గట్టున కూర్చుని, ఏటిని చూస్తూ, ఏటి చేప కానందుకు ధైర్యంగా తిన్నాం.

నురగ గురించి చెప్పకపోతే ఈ కథ నడవదు. ఎగువన వాన పడితే డ్యాం తలుపుల దగ్గర నురగ లేస్తుంది. మొదట్లో పాలపొంగులా ఉండేది. తరువాత ఇల్లంత, ఆ తరువాత వీధంత. గాలికి లేచి రోడ్డు మీదికి వచ్చేది. పసుపు రంగు షేర్ ఆటో ఒకటి ఆ నురగలోకి వెళ్లి తెల్లగా బయటికి వచ్చిందనీ, దాని యజమాని పోల్చుకోలేక దాన్ని వదిలి వెళ్లిపోయాడనీ నేను చెప్పేవాణ్ణి. కాలువలో నురగ ముద్దలు ముద్దలుగా కొట్టుకొచ్చి గట్టెక్కి కూర్చునేవి. గొర్రెలు తోలుకుపోయే మనిషి సాయంత్రం చూసుకుంటే మందలో పది ఎక్కువ తేలాయనీ, ఆ పదీ నురగ ముద్దలనీ కూడా చెప్పాను. వర్క్‌షాపులో అందరూ కడుపు పట్టుకుని నవ్వారు. గొర్రెలు మాత్రం కాలువ దగ్గర మూతి ముంచకుండా వాసన చూసి వెనక్కి తిరిగేవి. అది నవ్వు రాని భాగం కాబట్టి చెప్పేవాణ్ణి కాదు.

ఆ సంవత్సరం మొదటి రోజు సాయంత్రం ఆకు గదిలోకి వెళ్లాను. కోసిన ఆకు వాడిపోకుండా దాని మీద తడిగోనె పట్టాలు కప్పి ఉంచుతారు. పట్టా ఆరితే ఆకు వాడుతుంది, వాడిన ఆకు పురుగు ముట్టదు. రోజుకు నాలుగుసార్లు పట్టాలు తీసుకెళ్లి కాలువలో ముంచి తేవడం నా పని. బోరు మోటారుకు కరెంటు ఎప్పుడు వస్తుందో కరెంటుకే తెలియదు. కాలువ ఇంటి వెనక పది అడుగులు. నేను ఆ గదిలో గోనె ఎత్తగానే నా ముక్కులో ఏదో పొడుచుకున్నట్టయింది.

ఇక్కడే నేను చేసిన పని చెప్పాలి.

ఆ వాసనను నేను ఉన్నది ఉన్నట్టు చెప్పి ఉంటే సరిపోయేది. నాకు అది చేతకాదు. బయటికి వచ్చి, ముక్కు మూసుకుని, ఆ గోనెలో వెయ్యి ఎలుకలు చచ్చి, చచ్చాక సోపు రుద్దుకుని స్నానం చేసి, పౌడరు వేసుకుని ఊరేగింపుకు బయలుదేరాయని చెప్పాను. అక్క నవ్వింది. చేతిలో సంగటి కర్రతో, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. రెండు పంటలు పోయాక ఆమె అట్లా నవ్వడం అదే మొదటిసారని పక్కింటి ఆవిడ అంది. నా ఛాతీ ఉబ్బింది. ఎలుకలకు ఇంకో రెండు వాయిద్యాలు తగిలించి మళ్లీ చెప్పాను. గోనె సంగతి అక్కడితో ముగిసింది.

నా మీది గంధాన్ని పది అడుగుల నుంచి పట్టిన ముక్కు, గోనె వాసన ఎందుకు పట్టలేదని మీరు అడగవచ్చు. ఆ ఊళ్లో ఆ వాసన లేని చోటు లేదు. దండెం మీద చీరలో ఉంది, గట్టు మీద గడ్డిలో ఉంది, తలుపు చెక్కలో ఉంది. ఎప్పుడూ ఉండేదాన్ని ముక్కు లెక్కలోంచి తీసేస్తుంది. ఆమెకు వాసనంటే బయటి నుంచి వచ్చేది. ఇంటి వెనక నుంచి వచ్చేది ఉత్త నీళ్లు.

రెండు రోజులు పురుగు బ్రహ్మాండంగా మేసింది. రేకుల మీద వాన కాదు, వడగళ్లు. ఊరి అవతల నుంచి మనుషులు వచ్చి మీ ఇంట్లో పిండి మర పెట్టినారా అని అడిగారని నేను ప్రచారం చేశాను. అక్క మొహం విచ్చుకుంది. ఇంకో ఐదు రోజులు ఇట్లే గడిస్తే పురుగు పండి, చంద్రికలెక్కి గూడు కడుతుంది. చంద్రిక అంటే వెదురు తడిక మీద చుట్టలు చుట్టలుగా దడి కట్టిన పళ్లెం, పురుగు ఆ చుట్టల సందుల్లో గూడల్లుకుంటుంది. గోడకు ఆనించి పెట్టిన పాత చంద్రికలను అక్క దించి దుమ్ము దులిపింది. నన్ను మెచ్చుకోవడం ఆమెకు అలవాటు లేదు కాబట్టి, నా సంగటి ముద్ద కొంచెం పెద్దదిగా పెట్టింది.

మూడో రోజు మాకు వాన లేదు. ఎగువన పడిందట. మధ్యాహ్నానికి కాలువ తెల్లబడింది. నేను గోనె ముంచబోతే నీళ్లు కనపడలేదు. చేత్తో నురగను పక్కకు నెట్టి, కింద నల్లగా ఉన్న నీళ్లలో ముంచి తెచ్చాను. మోచేతుల దాకా దురద. అది కూడా హాస్యంగా చెప్పాలని మాటలు పేర్చుకుంటూ వచ్చాను.

నాలుగో రోజు పొద్దున మొదటి మేత వేసి వాకిట్లో కూర్చున్నాం. అక్క రాగిపిండి జల్లిస్తోంది. ఉన్నట్టుండి జల్లెడ ఆపింది. నేను ఏదో చెబుతున్నాను. చెయ్యెత్తి ఆగమంది. నాకు ఏమీ వినపడలేదు. ఆమె విన్నది కూడా అదే.

"చప్పుడు తగ్గింది" అంది.

లోపలికి వెళ్లాం. ఆకు వేసినట్టే ఉంది. పురుగులు దాని మీద ఎక్కి, తలలు ఎత్తి, అటూ ఇటూ ఊపుతున్నాయి. జ్వరం పడే సమయం కాదది. కొన్ని నోటి నుంచి పచ్చటి నీళ్లు కక్కుతున్నాయి. ఒకదాన్ని అక్క అరచేతిలో పెట్టుకుంది. ముందు రోజు గట్టిగా ఉన్నది, మెత్తబడి, అరచెయ్యి ఎటు వంచితే అటు వాలింది. మాటల మనిషినైన నాకు ఆ గదిలో ఒక్క పోలిక కూడా తోచలేదు.

అక్క దర్యాప్తు మొదలుపెట్టింది. తాళింపు ఎవరు వేశారు? పక్కింటి ఆవిడ పిల్లల మీద ఒట్టు పెట్టుకుంది. దోమలబత్తి? లేదు. బావ కంపెనీ నుంచి ఏమన్నా పూసుకుని వచ్చి తలుపు తోశాడా? బావ మూడు రోజులుగా పురుగుల ఇంటి వైపే రాలేదు. చివరికి నా బ్యాగు తీసి దులిపింది. పౌడరు డబ్బా లేదు. ఆమె నన్ను అనుమానించినందుకు నేను అలిగాను కూడా. అంత పెద్దమనిషిని.

తట్టలన్నీ చూసుకుంటూ ఆకు గది దాకా వచ్చి, ఆగి, గోనె పట్టా ఒకటి చేతిలోకి తీసుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. మళ్లీ పెట్టుకుంది. తల అడ్డంగా ఊపి, దాన్ని నా ముందుకు చాపింది.

"నాకు తెలియడం లేదప్పా. నువ్వు చూసి చెప్పు. ఒక్కసారి పెంచకుండా చెప్పు."

వాసన చూశాను. ఎలుకలు రాలేదు. వాయిద్యాలు రాలేదు.

"సోపు" అన్నాను. "దాని కింద మోరీ మురుగు. దాని కింద ఏదో మందు."

"మొన్న కూడా ఇదేనా?"

"మొన్న కూడా ఇదే."

ఆమె నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే కొంచెం హాయిగా ఉండేది. పట్టాలన్నీ ఈడ్చి బయట పారేసింది. అదృష్టవశాత్తూ కరెంటు ఉంది. బోరు కింద బిందె పెట్టి కొత్త గోనె ఒకటి జాడించింది. బిందె అంచు దాకా తెల్లటి నురగ లేచింది. గోనెకు సోపేమైనా అంటిందేమోనని గోనె పక్కన పెట్టి, బిందె కడిగి, ఉత్త నీళ్లు మాత్రమే పట్టింది. నీళ్లు ధారగా పడుతున్నంతసేపు ఇద్దరం బిందెలోకి చూస్తూ నిలబడ్డాం. నురగ మెల్లగా, తొందరేమీ లేదన్నట్టు, చుట్టూ అంచు పట్టుకుని పైకి వచ్చింది. కాలువకు పది అడుగుల దూరంలో మూడు వందల అడుగులు తవ్విన బోరు అది. కాలువ భూమిలోపల కూడా పారుతోందన్న మాట.

ఆ ఇంట్లో మనుషులు తాగేది క్యాను నీళ్లు. అక్క క్యాను ఎత్తి గోనెల మీద పోసింది. పోసి, ఆకు వైపు చూసింది. ఆకు తోటది. తోట తాగేది కాలువ. ఈసారి నేను చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

"రాయకోటకు పో" అంది. "చిన్నాన్న తోటలో ఆకు కోసుకొని రా. ఎంత వస్తే అంత."

చిన్నాన్న అంటే మా నాన్న తమ్ముడు. కొండ కింద చిన్న బావి, కొండ మీద పడిన వాన తప్ప వేరే నీళ్లు ఎరగని తోట. నేను పాత చీరలు రెండు తీసుకుని హోసూరు వచ్చి, కెలమంగలం మీదుగా రాయకోట బస్సు ఎక్కాను. ఆకు కోసి రెండు మూటలు కట్టి మళ్లీ బస్సెక్కితే, కండక్టరు మూటల చుట్టూ ప్రదక్షిణం చేశాడు.

"ఏమప్పా, మేకలకా?"

"పట్టుపురుగులకు."

"మీ కాడ ఆకు లేదా?"

ఉంది అన్నాను. ఎకరం నిండా పచ్చగా, నడుమెత్తున ఉంది అన్నాను. ఆయన నా మొహం చూసి, టికెట్టు చించి ఇచ్చి ముందుకు వెళ్లాడు. మామూలుగా అయితే కెలమంగలం వచ్చేలోపు నేను ఆ బస్సు బస్సంతటినీ నవ్వించి ఉండేవాణ్ణి. ఆ రోజు మూటల మీద చెయ్యి వేసి, ఆకు వేడెక్కుతున్నదా అని చూసుకుంటూ కూర్చున్నాను. మూట కడితే ఆకు లోపల ఉడుకుతుంది. ప్రతి స్టాపులోనూ ముడి విప్పి గాలి ఆడించాను.

రెండు మూటల ఆకు నలభై తట్టలకు ఒక పూటకు కూడా చాలదు. అక్క తట్టల మధ్య తిరిగింది. ఒక్కోదాని దగ్గర చెవి వంచింది. ఇంకా కాస్త మేత చప్పుడు వస్తున్న తట్టలు మూడు దొరికాయి. వాటికి రాయకోట ఆకు వేసింది. మిగతా ముప్పై ఏడు తట్టలకు కూడా ఆకు వేసింది, తోటదే, గోనె లేకుండా, ఆరబెట్టి. ఆకలితో ఉంచకూడదు కదా అంది. అవి తినలేదు.

మూడు రోజుల్లో ఆరుసార్లు రాయకోటకు వెళ్లి వచ్చాను. ఆరుసార్లే. మీరు అరవై అనుకోవాలని నాకు ఉంది కానీ ఆరుసార్లే. ప్రతిసారీ తిరిగి వచ్చేసరికి ఆ ఇల్లు ఇంకొంచెం నిశ్శబ్దమయ్యేది. వాన ఆగిపోయాక చెట్ల నుంచి చుక్కలు రాలుతాయి చూడండి, చివరికి అట్లాంటి చప్పుడు మాత్రం మిగిలింది, మూడు తట్టల నుంచి. ఏడో రోజు పొద్దున ఆ మూడు తట్టల పురుగు పండింది. ద్రాక్షపండులా లోపలి వెలుతురు కనిపించేలా అయింది. అక్క ఒక్కొక్కటే ఏరి చంద్రిక మీద వదిలింది. ఒక్క చంద్రిక సరిపోయింది. దుమ్ము దులిపిన మిగతావి గోడకు ఆనుకుని అట్లాగే ఉన్నాయి.

ముప్పై ఏడు తట్టల పురుగులను తోట మూలలో గుంత తవ్వి పోసి, సున్నం చల్లాం. బావ ఆ రోజు షిఫ్టుకు వెళ్లలేదు. పార ఆయనే పట్టాడు. కాకులు వచ్చి గుంత గట్టు మీద వాలి, ఒకటి రెండు పురుగులను ముక్కుతో కదిపి, వదిలేసి ఎగిరిపోయాయి. కాకి వదిలేసిన తిండి నేను అంతకు ముందు చూడలేదు.

గుంత పూడ్చాక బావ తొట్టి దగ్గరికి చేతులు కడుక్కోవడానికి వెళ్లి, ముంచబోయి, ఆగిపోయాడు. క్యాను నీళ్లు కొంచెం వంచుకుని కడుక్కున్నాడు. ఆయన తన ఒప్పందం గుర్తు చేస్తాడని నేను భయపడుతున్నాను. ఆయన వేరేది అన్నాడు.

"మూడు తట్టలు కట్టినాయి కదా. ఇంకొక పంట చూద్దామా?"

అక్క చంద్రిక వైపే చూస్తోంది. పురుగులు తల ఊపుతూ దారం చుట్టుకుంటున్నాయి. సగం గూటిలోంచి ఇంకా కనపడుతున్నాయి.

"ఏ నీళ్లతో చూద్దాము?" అంది. చూపు తిప్పకుండానే, "జేసీబీ వాడికి చెప్పు. గూళ్లు తీసినంక రమ్మను" అంది.

ఐదు రోజులకు గూళ్లు తీసింది. తెల్లగా, గట్టిగా, చెవి దగ్గర ఆడిస్తే గలగలమన్నాయి. చిన్న బుట్టెడు. ఆ సాయంత్రం కొడవలి తీసుకుని తోటలో మొదటి వరసకు వెళ్లింది. మొట్టమొదట నాటిన వరస, మా అమ్మ తోట కొమ్మలది. వేలి లావు కొమ్మలు ఏరి కోసి, మొదళ్లు సమంగా చేసి, కట్ట కట్టి, కొత్త గోనె చుట్టింది. చిన్నాన్న తోట గట్టున నాటి రమ్మంది. గోనె ఆరనివ్వద్దు అంది. ఆ మాట అమ్మ అన్నట్టే అంది.

నెత్తిన పెట్టుకోవడానికి నాకు వయసు చాలదు, అంటే ఎక్కువైంది. చంకలో పెట్టుకుని వాకిలి దాటుతుంటే వెనక నుంచి అడిగింది.

"యాడి నీళ్లతో తడుపుతావు?"

హోసూరు బస్టాండులో నీళ్ల సీసా కొన్నాను. మూత తిప్పి, కట్ట కింద పెట్టి, గోనె మీద పోశాను. చుట్టూ దాహంతో ఉన్న ప్రయాణికులు నన్ను చూసిన చూపు నేను వర్ణించను. కెలమంగలంలో రెండో సీసా కొన్నాను. అదే కండక్టరు. ఈసారి మేకలా అని అడగలేదు.

జేసీబీ వచ్చిన రోజు నేను అక్కడ లేను. ఒక పూట కూడా పట్టలేదని బావ ఫోనులో చెప్పాడు. ఇప్పుడు అక్క ఒక కంపెనీ క్యాంటీన్లో కూరగాయలు తరుగుతోంది. తాళింపు వాసన తలకు పడుతోందని, తగ్గించమంటే అక్కడి వాళ్లు నవ్వుతున్నారని అంటుంది. పురుగుల ఇల్లు తాళం వేసి ఉంది. ఏటి నుంచి నురగ ఇంకా వస్తోంది. ఈ మధ్య ఫోటోలు తీసుకోవడానికి కూడా జనం వస్తున్నారట.

నేను కొమ్మలు తీసుకెళ్లిన రోజున చిన్నాన్న గట్టు మీద గుంటలు తవ్వి సిద్ధంగా ఉంచాడు. ఒక్కో కొమ్మ ఏటవాలుగా గుచ్చి, మన్ను అదిమి, బావి నీళ్లు పోశాం. ఆకు మూటల హడావుడిలో అడగలేదు కానీ, అక్క తోటకు ఏమైందని అప్పుడు అడిగాడు. చెప్పాను. వాన పడితే కాలువ తెల్లబడడం, బోరు బిందెలో నురగ లేవడం, ముప్పై ఏడు తట్టలు, ముట్టని కాకులు. ఒక్క మాట పెంచలేదు. నా జీవితంలో అంత పొదుపుగా నేను ఎప్పుడూ మాట్లాడలేదు.

చిన్నాన్న మొత్తం విని, తలపాగా విప్పి మొహం తుడుచుకుని నవ్వాడు.

"నువ్వు మారలేదప్పా" అన్నాడు.

నవ్వుతూనే, కొమ్మల కట్టకు చుట్టిన, కాలువ వాసన ఇంకా వదలని గోనె తీసుకుని ఉతకడానికి బావి వైపు నడిచాడు. నేను పరుగెత్తి వెళ్లి ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఎందుకని అడిగాడు. అక్కడే బావి గట్టు మీద కూర్చోబెట్టి, మళ్లీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను.